అరవై ఏళ్ల ఆవర్జా

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు.

ఈ మాట రాస్తుంటేనే కలం కాస్త తడబడింది. పరాభవ అంటే ఓటమి, అవమానం. ఓటమి పేరు పెట్టుకున్న ఏడాదికి శుభాకాంక్షలేమిటని మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒకాయనైతే మనవరాలి పెళ్లి శుభలేఖ మీద సంవత్సరం పేరు వేయించాలా, మానాలా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారు. అందుకని ఈ ప్రత్యేక సంచికకు ఆ పేర్ల చరిత్రా, వాటి వెనక ఉన్న లెక్క సంగతీ రాద్దామనుకున్నాను. నేను పండితుణ్ణి కాను, సిద్ధాంతిని అసలే కాను. ముప్పై ఏడేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏ లెక్క ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, పాత రిజిస్టరులోంచి కొత్తదానిలోకి ఏమేమి ఎక్కింది అని చూసే అలవాటు మాత్రం ఒంటబట్టి ఇంకా వదల్లేదు.

మన ఆఫీసు జీవితంలో కొత్త సంవత్సరం ఒక్కటి కాదు. జనవరి 1న కాగితాల నెంబర్లు మళ్లీ ఒకటితో మొదలయ్యేవి. తేలని కాగితాలన్నీ పాత పర్సనల్ రిజిస్టరులోంచి కొత్తదానిలోకి ఎక్కించేసరికి సంక్రాంతి వచ్చేది. ఏప్రిల్ 1 బడ్జెట్టుకు కొత్త ఏడాది. మార్చి 31 రాత్రి బిల్లులు పట్టుకుని ట్రెజరీ వరండాలో నిలబడినవారికి ఆ పండుగ సంగతి వేరే చెప్పనక్కరలేదు. జూలై 1న ఫసలీ మారేది. జమాబందీ, అడంగళ్లు, శిస్తు బాకీలు అన్నీ ఆ లెక్కనే. వీటి మధ్య ఒక్కరోజు సెలవుగా ఉగాది వచ్చి వెళ్లిపోయేది. ఆ రోజుల్లో మనలో చాలామందికి ఉగాది అంటే పచ్చడి, తలంటు, మధ్యాహ్నం నిద్ర.

ఈ మూడింటికీ మూడు చరిత్రలున్నాయి. ఫసల్ అంటే పంట. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుణ్ణి బట్టి నడిచేది, 354 రోజులు. పంట పండేది సూర్యుణ్ణి బట్టి. హిజ్రీ లెక్కన శిస్తు అడిగితే కొన్నేళ్లకు పైరు ఇంకా పాలు పోసుకుంటున్నప్పుడే వసూలుకు రావలసి వస్తుంది. ఈ చిక్కు తీరడానికి అక్బరు కాలంలో పంటల సంవత్సరం ఏర్పడింది. షాజహాను కాలంలో, 1636 ప్రాంతంలో, అది దక్కనుకు వచ్చింది. అప్పటి హిజ్రీ అంకె 1046ను అలాగే ఉంచి, అక్కణ్ణుంచి సూర్యుడి లెక్కన ఏటా ఒకటి కలుపుతూ పోయారు. అందుకే 2025 జూలైలో మొదలైన ఫసలీ 1435 అయింది. మద్రాసు రాజధానిలో 1855లో దాని మొదటి రోజును జూలై 1గా స్థిరపరిచారు. నిజాం రాజ్యంలోనేమో ఫసలీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. కృష్ణకు ఈ ఒడ్డున ఒక కొత్త ఏడాది, ఆ ఒడ్డున మరొకటి!

ఏప్రిల్ 1 సంగతి చూస్తే, 1867కు ముందు మన దేశంలో ప్రభుత్వ లెక్కల సంవత్సరం మే 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఉండేది. ఇంగ్లండు పద్ధతికి సరిపెట్టడానికి ఏప్రిల్‌కు మార్చారు. ఆ ఇంగ్లండులో మాత్రం మొదటి నుంచీ జనవరి 1న కొత్త ఏడాది ఉందా అంటే, లేదు. 1751 వరకు అక్కడ చట్ట ప్రకారం సంవత్సరాది మార్చి 25. 1752లో జనవరి 1కి మార్చారు, అదే ఏడాది సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా లెక్కించి పదకొండు రోజులు కొట్టేశారు. మన పంచాంగాల్లో తేడాలను చూసి నవ్వే దొరలకు ఇంట్లో ఈ తంటా అంతా ఉండేదన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం కూడా ఒక కొత్త ఏడాది పెట్టింది. దేశంలో సుమారు ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయనీ, ఒకే పండుగ రెండు చోట్ల రెండు రోజుల్లో వస్తోందనీ 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన కాలెండర్ సంస్కరణ సంఘాన్ని వేశారు. సాహా గారు నక్షత్రాల వెలుగును బట్టి వాటి వేడిని లెక్కగట్టే సూత్రం కనిపెట్టిన శాస్త్రవేత్త. సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22ను శక సంవత్సరం 1879, చైత్రం 1వ తేదీగా ప్రకటించి జాతీయ కాలెండరును అమల్లోకి తెచ్చారు. గెజెట్టు మీద, కేంద్ర ప్రభుత్వ ఉత్తరాల మీద ఇంగ్లీషు తేదీ పక్కన కనబడే శక తేదీ అదే. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మర్నాడే ఏడాది మొదలు కావడం చక్కని లెక్క. అయినా చైత్రం 1న ఎవరింట్లోనూ పచ్చడి చేయలేదు. ఆ ఏడాది మన ఉగాది ఇంకా సుమారు పది రోజుల దూరంలో ఉంది, జనం దానికోసమే ఆగారు. చిత్రమేమిటంటే, అదే 1957లో ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అణాల లెక్క తరతరాలది. అయినా కొన్నేళ్లకు ఊరూరా పైసలకు అలవాటు పడింది. కాసును మార్చుకున్న జనం ఉగాదిని మార్చుకోలేదు. సాహా గారి గణితం తప్పని నేననను. ఒక రోజును గెజెట్టులో వేసినంత మాత్రాన అది పండుగ కాదని మాత్రం అంటాను.

మరి ఉగాదిలో ఏముంది? పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు చెప్పే సంకల్పాన్ని ఎప్పుడైనా నిదానంగా విన్నారా? బ్రహ్మ ఆయుర్దాయంలో ఏ సగం, ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ యుగం, అందులో ఏ పాదం అని మొదలుపెట్టి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా వచ్చి, చివర మన గోత్రం, మన పేరు చెబుతాడు. అంటే కాలానికి రాసిన చిరునామా. జిల్లా, తాలూకా, గ్రామం, సర్వే నెంబరు, సబ్ డివిజను అని భూమి వివరం రాసినట్టే కాలంలో మన జాగా రాస్తున్నాడు. కోటానుకోట్ల ఏళ్లలో మొదలైన ఆ చిరునామా చివరికి ఒక ముసలి గుమాస్తా ఇంటి పేరు దగ్గర ఆగుతుంది. నేను నాలుగు దశాబ్దాలు సంకల్పం విన్నాను గాని, ఈ సంగతి తట్టింది ఉద్యోగం వదిలాకే.

ఆ చిరునామాలో సంవత్సరం అనే చోట వచ్చేవే ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లు. వీటికి మూలం గురువు, శని. గురుడు ఆకాశాన్ని చుట్టి రావడానికి సుమారు పన్నెండేళ్లు, శనికి ఇరవై తొమ్మిదిన్నర. ఇద్దరూ ఇరవై ఏళ్లకొకసారి ఒకచోట కలుస్తారు, కాని ప్రతిసారీ ఆకాశంలో మూడో వంతు దూరం జరిగి కలుస్తారు. మూడు కలయికలయ్యేసరికి, అంటే దాదాపు అరవై ఏళ్లకు, మళ్లీ ఇంచుమించు మొదటి చోటికే వస్తారు. ఉత్తరాదిలో గురుడి నడకను కచ్చితంగా పట్టుకుని ఎనభై అయిదేళ్లకొకసారి ఒక పేరు వదిలేస్తారు. దక్షిణాదిలో వెయ్యేళ్ల కిందటే ఆ వదలడం మానేశాం. వరసగా చెప్పుకుంటూ పోతాం. అందువల్ల వారి సంవత్సరం పేరూ మన పేరూ కలవవు. పేరును బట్టే ఏడాదికి మంచీ చెడూ కలిగేటట్టయితే, వింధ్యకు ఆ పక్కన ఒకటీ ఈ పక్కన ఒకటీ జరగాలి కదా!

పేర్లను పట్టుకుని కంగారు పడేవారికోసం మన తరం చూసిన ఏళ్లను ఒక్కసారి పేర్ల పక్కన పెట్టి చూస్తాను. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది సర్వజిత్తులో. అన్నిటినీ జయించేది అని అర్థం, బాగా కుదిరింది. కాని గాంధీజీని 1948 జనవరి 30న పోగొట్టుకున్నదీ ఆ సర్వజిత్తులోనే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న విజయలో వచ్చింది. మూడేళ్ల తర్వాత 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది మాత్రం దుర్ముఖిలో. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది జయలో. చైనా మన మీద పడిన 1962 అక్టోబరు ఏ సంవత్సరంలో ఉందనుకున్నారు? శుభకృత్తులో! 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించిన ఏడాది పేరు రాక్షస. ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా సరిపోయిందని అప్పట్లో టీకొట్టు దగ్గర గొంతు తగ్గించి అనుకునేవాళ్లం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన ఏడాది పింగళ. ఆ పేరులో ఏ దోషమూ లేదు.

ఇక మన పరాభవ. క్రితం సారి అది వచ్చింది 1966 మార్చిలో. ఆ జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4 రూపాయల 76 పైసలున్నది ఏడున్నర అయింది. వానలు సరిగా లేవు, ధాన్యానికి కటకట. అక్కడితో ఆపితే పేరు నిజమే అనిపిస్తుంది. కాని ఆ పరాభవలోనే విశాఖ ఉక్కు ఉద్యమం నడిచింది. అక్టోబరులో అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు, నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పటికి నేను హైస్కూలు విద్యార్థిని. మా బడి కూడా మూతబడింది. ఓడిపోయామనే ఆ ఏడాది చివర అందరూ అనుకున్నారు. 1970 ఏప్రిల్ 17న విశాఖలో ఉక్కు కర్మాగారం పెడతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. రెండూ సాధారణ నామ సంవత్సరంలోనే. అంత అసాధారణమైన సంగతికి పెట్టిన పేరు సాధారణ! పరాభవలో వేసిన ఖాతా సాధారణలో జమ అయింది.

పేరు కంటే భయం ఎక్కువ చేసిన సంగతి ఒకటి ఉంది. వయసు మళ్లిన సభ్యులందరికీ గుర్తుండే ఉంటుంది. ప్లవ నామ సంవత్సరం, 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా అష్టగ్రహ కూటమి. మకర రాశిలో ఎనిమిది గ్రహాలు చేరుతున్నాయి, ప్రళయం వస్తుందన్నారు. దేశమంతటా హోమాలు చేశారు. నాకప్పుడు పదేళ్లు. మా ఊరి రామాలయంలో రాత్రింబవళ్లు భజన. మా మేనత్త మూడు రోజులూ పిల్లలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టింది, పోతే అందరం కలిసే పోదామని. 6వ తేదీ ఉదయం లేచి చూస్తే గేదెలు అరుస్తున్నాయి, పాలవాడు వచ్చాడు. ఆ పొద్దు కాఫీ రుచి గురించి మా నాన్నగారు చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కాలం మనల్ని తోసుకుపోతుంది. 2009లో విరమణ చేసిన తర్వాతి ఏడాది నాకు జనవరి 1 రాలేదు, ఏప్రిల్ 1 రాలేదు, జూలై 1 రాలేదు. అన్ని రోజులూ ఆదివారాలే. ఈ మాట మొదటి నెలలో సుఖంగా అనేదీ, ఆరో నెలకు మరో రకంగా అనేదీ మనందరికీ అనుభవమే. ప్రభుత్వం ఏటా ఒకసారి మనల్ని అడిగేది ఒక్కటే ప్రశ్న: ఉన్నావా, పోయావా? ఉన్నానని కాగితం ఇచ్చి వస్తే మళ్లీ ఏడాది దాకా అడిగేవారు లేరు.

నేను పుట్టింది 1951లో, ఖర నామ సంవత్సరంలో. ఖర అంటే గాడిద అనే అర్థం కూడా ఉంది. చిన్నప్పుడు మా బాబాయి ఆ పేరుతోనే పిలిచి ఏడిపించేవాడు. 2011లో ఖర తిరిగి వచ్చింది. షష్టిపూర్తి అంటే అదే కదా, పుట్టిన ఏడాది పేరు మళ్లీ రావడం. ఆ ఉగాదినాడు ఎన్నో ఏళ్ల తర్వాత గుడిలో పంచాంగ శ్రవణానికి కూర్చున్నాను. నవనాయకుల ఫలితాలు చదివారు. ఉగాది ఏ వారమొస్తే ఆ వారాధిపతి రాజు, మేష సంక్రమణం ఏ వారమొస్తే ఆ గ్రహం మంత్రి. ఈ లెక్కన 2026 మార్చి 19 గురువారం కనుక పరాభవకు రాజు గురుడు, ఏప్రిల్ 14 మంగళవారం కనుక మంత్రి కుజుడు. ఇందులో దాపరికమేమీ లేదు. వారం తెలిసినవారెవరైనా మంత్రివర్గాన్ని చెప్పగలరు! తర్వాత రాశివారీగా ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. పక్కన కూర్చున్నవారంతా పింఛనుదార్లే. ఆదాయం ఎంతో అందరికీ పైసలతో సహా తెలుసు. అయినా తమ రాశి వచ్చేసరికి ప్రతి ఒక్కరూ మెడ ముందుకు చాచి విన్నారు. నేనూ చాచాను. ఆ అంకెల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. కాని మన పేరున ఖాతా ఇంకా తెరిచే ఉంది, ఈ ఏడాదికీ జమా ఖర్చులు రాస్తున్నారు అని వినడంలో ఏదో ఉంది. ఇంటికి నడిచి వస్తూ దారిలో ఉన్న వేపచెట్టును పూత కోసం కాక ఊరికే ఆగి చూశాను.

అప్పటి నుంచి పంచాంగం కొనడం, అందులో రాసినది ఆకాశంలో జరుగుతోందా లేదా అని డాబా మీదికెక్కి చూడటం అలవాటైంది. తనిఖీ బుద్ధి అనుకోండి. ఈ పని చేసిన పెద్దలు మనకు లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారనే జమీందారు మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొర దగ్గర చదువుకుని వచ్చి, 1840 ప్రాంతంలో తన డాబా తోటలో సొంతంగా నక్షత్రశాల కట్టించారు. ఈనాటి డాబా గార్డెన్స్ అదే. ఆయన 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు కంపెనీ కొలువు వదిలి ఆ దూరదర్శినికి కాపలా కాశారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కణ్ణుంచి చూసి లెక్క రాశారు.

మద్రాసు నక్షత్రశాలలోనే చింతామణి రఘునాథాచార్యులు గారు అసిస్టెంటుగా పనిచేశారు. మనలాంటి కింది ఉద్యోగే. రెటిక్యులం అనే తారల గుంపులో ఒక నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులవుతోందని 1867లో కనిపెట్టారు. పై అధికారుల పేర్లు చాలా మరుగున పడ్డాయి గాని, ఆ నక్షత్రం పక్కన ఈ అసిస్టెంటు పేరు నిలిచింది. పాత సూత్రాలతో కట్టిన గణితం ఆకాశంతో సరిపోవడం లేదని ఆయన దృగ్గణిత పంచాంగం ప్రకటించారు. దృక్ అంటే చూపు. చూసి సరిచేసిన గణితం. సూర్యసిద్ధాంతం చెప్పిన సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. పోగుపడితే అరవై ఏళ్లకు ఒక రోజు. అంటే ఒక మనిషికి షష్టిపూర్తి అయ్యేలోగా పండుగలు ఋతువు మీద ఒక రోజు వెనకబడతాయన్నమాట. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజు. మనకు అది 14కో 15కో వస్తోంది. పూర్వ పద్ధతా, దృక్కా అనే వాదం సిద్ధాంతుల మధ్య ఇంకా తెగలేదు, అప్పుడప్పుడు పండుగ రెండు రోజులు కావడానికి అదీ ఒక కారణం. నా ఓటు రఘునాథాచార్యుల వారికే.

లెక్క తప్పుతుందని చెప్పాను కనుక లెక్క నిలిచిన సంగతీ చెప్పాలి. రాజరాజనరేంద్రుడు, నన్నయ గారి ప్రభువు, తన పట్టాభిషేక సమయాన్ని కోరుమిల్లి శాసనంలో రాయించాడు: శక సంవత్సరం 944, సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర. ఇంగ్లీషు లెక్కన అది 1022 ఆగస్టు 16. నేను వెనక్కి లెక్కవేసుకుంటూ పోయి చూశాను. గురువారమే! వెయ్యేళ్లలో ఎన్ని రాజ్యాలు పోయాయి, ఎన్ని కరువులు వచ్చాయి. ఏడు వారాల వరసలో మాత్రం ఒక్క రోజు కూడా జారిపోలేదు. ఎవరూ ఆజ్ఞాపించకుండా, ఏ రికార్డు రూమూ లేకుండా, ఇంటింటా నోటి లెక్కగా వచ్చింది. ఇంత శుభ్రంగా నడిచిన రిజిస్టరును నా సర్వీసులో చూడలేదు.

శార్వరి ఉగాదిని ఎవరూ మరిచిపోరు. శార్వరి అంటే రాత్రి. 2020 మార్చి 25. లాక్‌డౌన్ మొదటి రోజే ఉగాది. గుళ్లు మూశారు, పంచాంగ శ్రవణం టీవీలో విన్నాం. మామిడికాయ దొరకలేదు, వేపపూత మాత్రం గోడ మీదుగా పక్కింటివారు అందించారు. వీధిలో ఒక్క బండి లేదు. ఆ సాయంత్రాల్లో డాబా ఎక్కితే దుమ్ము లేని ఆకాశం. పడమటి దిక్కున శుక్రుడు దీపంలా వెలిగేవాడు, 28న చవితి చంద్రుడు వచ్చి ఆయన పక్కన నిలిచాడు. భయం కింద వీధిలో ఉంది. పైన అంతా తన వేళకు తాను నడుస్తోంది. ఆ శార్వరిలోను, ఆ వెనక ప్లవలోను మన సంఘం నుంచి వెళ్లిపోయినవారి పేర్లు మీకందరికీ తెలుసు. ప్లవ అంటే తెప్ప. కొందరం ఎక్కాం, కొందరు ఎక్కలేదు. ఈసారి ఎవరూ ముందుగా హోమం చేయలేదు.

అదే శార్వరిలో, 2020 డిసెంబరు 21 సాయంత్రం గురువు, శని ఒకే చుక్కలా కనబడ్డారు. 1623 తర్వాత అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి అన్నారు. మా మనవణ్ణి భుజం పట్టుకుని నిలబెట్టి చూపించాను. కిందికి వచ్చాక పాత లెక్కలు తిరగేశాను. అంతకు మూడు కలయికల ముందు వారిద్దరూ కలిసింది 1961 ఫిబ్రవరిలో. అదీ మకరం దాపునే. అప్పటి సంవత్సరం పేరేమిటని చూస్తే శార్వరి! 1961 ఉగాదికి ఇంకా నెల ఉంది. ఆ పాత శార్వరిలో నేను మనవడి ఈడువాణ్ణి. పంచాంగం చివర అట్ట మీద అచ్చేసే అరవై పేర్ల పట్టీ వట్టి పేర్లు కాదు, ఆకాశంలో నడిచే ముల్లును చూసి రాసుకున్న లెక్క అని అప్పుడు కళ్లారా తెలిసింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. బెంగతో కాదు.

ఇక ఈ పరాభవలో చూడవలసినవి రెండు మూడు ఉన్నాయి. మొదటిది, దాని మొదటి తిథికి సూర్యోదయమే లేదు. మార్చి 19న పొద్దు పొడిచేటప్పటికి ఇంకా అమావాస్యే. కాసేపటికి పాడ్యమి వచ్చి, మర్నాడు పొద్దు పొడవకముందే వెళ్లిపోతుంది. ఇలాంటిదాన్ని క్షయ తిథి అంటారు. తలుపు తట్టి లోపలికి రాకుండానే వెళ్లే చుట్టంలాంటిది. రెండోది, ఈ ఏడాదికి పదమూడు నెలలు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. చాంద్రమానానికి ఏటా తరిగే పదకొండు రోజులను మనవాళ్లు ఇలా పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు వేసి సరిపెడతారు. హిజ్రీలో ఈ సర్దుబాటు లేదు, అందుకే రంజాను ముప్పై మూడేళ్లలో ఋతువులన్నీ చుట్టి వస్తుంది. మా సెక్షనులో నాతో పాటు పనిచేసిన ముస్లిం మిత్రుడు, ఎండాకాలపు రోజాలు రెండు చుట్లు చూశాను భాయీ, ఇక మూడో చుట్టు అల్లా దయ అంటుంటాడు.

మూడోది, మార్చి 20 సాయంత్రం. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు అదే. సూర్యాస్తమయమైన అరగంటకు డాబా మీద పడమటి వైపు నిలబడితే, మబ్బు లేకపోతే, దారప్పోగులాంటి విదియ చంద్రుడు. మనకు అది పరాభవ మొదటి నెలవంక. షవ్వాల్ నెలకు, రంజాను పండుగకు వారు వెతుక్కునేదీ ఆ నెలవంకే. మా మిత్రుడి ఇల్లు నాలుగు వీధుల అవతల. కళ్ల శస్త్రచికిత్స అయ్యాక ఆయనకు చూపు నాకంటే బాగుంది. ముందు ఎవరికి కనబడితే వారు రెండోవారికి ఫోను చేయాలని ఒప్పందం.